రాకెట్టు అక్కర్లేదు, ప్యాకెట్టు చాలు

తెలుగులో రాజకీయ సైన్స్ ఫిక్షన్ కామిక్ గీద్దామని ఎవరైనా ఉత్సాహపడితే, మొదటి పేజీలోనే ఆకాశాన్నంటే మేడలు, గాల్లో తేలే కార్లు, పైన నల్లకోటు వేసుకున్న ఒక నియంత ప్రత్యక్షమవుతారు. నియంతకి ఫలానా నాయకుడి మీసం తగిలించేస్తే రాజకీయం కూడా వచ్చేసిందనుకుంటారు. నరసరావుపేటలోనో పర్చూరులోనో సైన్స్ ఫిక్షన్ ఏముంటుందని పైగా ఒక ఎదురు ప్రశ్న. చిరాకంతా ఈ ప్రశ్నతోనే. రాజకీయ సైన్స్ ఫిక్షన్ మనిషితో మొదలు కాదు, యంత్రంతోనూ మొదలు కాదు. ఒక నిబంధనతో మొదలవుతుంది. 1977లో బ్రిటన్‌లో మొదలైన ‘జడ్జ్ డ్రెడ్’ కామిక్‌నే చూడండి: పట్టుకునే పోలీసే తీర్పూ చెప్పి శిక్షా వేస్తాడు. మార్చింది ఆ ఒక్క నిబంధననే. మోటారు సైకిలూ, శిరస్త్రాణమూ, మహానగరమూ దాని వెనకాల నడిచొచ్చినవే. అలాంటి నిబంధన కోసం గుంటూరు, ప్రకాశం నల్లరేగడి చేలు దాటి ఎక్కడికో పోనక్కర్లేదు. 450 గ్రాముల పత్తి విత్తనాల ప్యాకెట్టు చాలు.

ఆ ప్యాకెట్టు చరిత్ర తీరిగ్గా చెప్పుకోదగ్గది. 2002 మార్చిలో కేంద్రం బీటీ పత్తికి అనుమతి ఇచ్చింది. నేలలో బతికే ఒక బ్యాక్టీరియా జన్యువును పత్తి మొక్కలో చేర్చారు. కాయను తొలిచే శనగపచ్చ పురుగు దాన్ని తింటే చస్తుంది. శాస్త్రం వరకు అంతే. రాజకీయం ధరలో ఉంది. తొలి సంవత్సరాల్లో ప్యాకెట్టు 1,600 రూపాయల పైన పలికింది. అందులో 1,250 రూపాయలు జన్యువు వాడుకున్నందుకు రుసుము. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య నిరోధక కమిషన్ ముందుకు వెళ్లి, ధరను 750కి దింపించింది. మరుసటి ఏడు పత్తి విత్తనాల ధరను తానే నిర్ణయించే చట్టం చేసుకుంది. అసలు విడ్డూరం ఏమిటంటే, ఆ తొలి తరం జన్యువుకు మన దేశంలో పేటెంటే లేదు. రుసుము వసూలైంది విత్తన కంపెనీలతో చేసుకున్న ఒప్పందాల బలం మీద. పేటెంటు ఉన్న రెండో తరం జన్యువు మీద దాని సొంతదారు మోన్‌శాంటోకీ విత్తన కంపెనీ నూజివీడు సీడ్స్‌కీ మధ్య వివాదం ముదిరి, 2018 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు ఆ పేటెంటును కొట్టేసింది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనపెట్టి, కేసును పూర్తి విచారణకు పంపింది. మొక్కకూ విత్తనానికీ పేటెంటు ఇవ్వకూడదని మన చట్టమే అంటుంది. మరి ప్రయోగశాలలో ఒకరి సొత్తయిన జన్యువు మేదరమెట్ల చేలో మొలకెత్తాక ఎవరిది? ఇంతకన్నా మంచి సైన్స్ ఫిక్షన్ ప్రశ్న ఏ గెలాక్సీలోనూ దొరకదు. అలాగని బీటీని రాక్షసిగా గీయడానికి తొందరపడొద్దు. 1987-88లో తెల్లదోమ గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని ఊడ్చేసి, రైతుల్ని పురుగుమందు అప్పుల్లో ముంచి, ఆత్మహత్యల దాకా నెట్టింది. ఆ జ్ఞాపకం ఉన్నవాళ్లు మందు కొట్టే పని తగ్గుతుందంటే విత్తనాన్ని ఆశగానే కొన్నారు. వాళ్ల ఆశను వెక్కిరించే కామిక్ అబద్ధపు కామిక్.

ఇక భవిష్యత్తును ఊహించడం గురించి. సైన్స్ ఫిక్షన్ జోస్యం కాదు. మన దగ్గర ఏ కొత్త వస్తువు వచ్చినా, రోగం వచ్చినా, అది కాలజ్ఞానంలో ముందే ఉందని మర్నాడే ఎవరో ఒకరు తేలుస్తారు. అంతకుముందు రోజు మాత్రం ఎవరూ చెప్పరు. సైన్స్ ఫిక్షన్ చేసేది లెక్క: ఈ నిబంధనను ఇంకో అడుగు జరిపితే ఎవరి బతుకు ఎటు జరుగుతుంది? పండిన గింజ మళ్లీ మొలకెత్తకుండా చేసే ‘టెర్మినేటర్’ పద్ధతికి 1998లో అమెరికాలో పేటెంటు ఇచ్చారు. అది ఏ రైతు పొలంలోకీ రాలేదు, అలాంటి రకాల నమోదును మన చట్టం నిషేధించింది. అయినా బీటీ అంటే అదేనన్న భయం దక్షిణాదిన ఉద్యమాలే నడిపించింది. లేని విత్తనమే అంత రాజకీయం చేసిందంటే, ఉన్న విత్తనంతో కథకుడు ఎంత చేయొచ్చు! ఉదాహరణకు, జన్యువు ఒప్పందం కంపెనీల మధ్య కాక మొక్కకూ సాగుదారుకూ మధ్య ఉందనుకుందాం. రుసుము బాకీ పడితే ఆకు రంగు మారుతుంది, పైనుంచి ఉపగ్రహం చూస్తుంది. కానీ పత్తి పుప్పొడిని తేనెటీగలు మోస్తాయి, వాటికి గట్లు తెలియవు. పక్క చేనువాడు తెల్లారేసరికి దొంగ అవుతాడు. తేనెటీగల మీద చట్టం వస్తుంది. పంచాయతీ ఎన్నిక పుప్పొడి మీద జరుగుతుంది. లైసెన్సు ఎవరి పేరున ఉండాలి? 2019లో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన చట్టం ప్రకారం కౌలు రైతు సాగు పత్రానికే భూయజమాని సంతకం కావాల్సి వచ్చింది. కథలో ఆ యజమాని అట్లాంటాలో ఉంటాడు, ఆకు మాత్రం కౌలు రైతు కళ్లముందు ఎర్రబడుతుంది. ఇందులో నియంత ఎక్కడా లేడు, అవసరం కూడా రాలేదు.

రాయడంలో పెద్ద చిక్కు పాఠకుడి మొండితనం. దానికి మందు కూడా ఆ ప్యాకెట్టులోనే ఉంది. బీటీ విత్తనాలతో పాటు 120 గ్రాముల మామూలు పత్తి విత్తనాలు ఇచ్చేవారు. చేను చుట్టూ ఐదు సాళ్లు, లేదా ఐదో వంతు నేల, ఏది ఎక్కువైతే అంత మేర అవి వేయాలి. అక్కడ బతికిన పురుగులు చేలో మిగిలిన మొండి పురుగులతో జతకడితే, విషాన్ని తట్టుకునే సంతానం త్వరగా పెరగదు. చాలామంది ఆ చిన్న సంచీని గట్టున పారేశారు. గులాబీ రంగు పురుగు ఆ విషానికి అలవాటుపడింది. రాజకీయ కామిక్ కూడా అంతే. ప్రతి ప్యానెల్‌లోనూ వ్యవస్థ దుర్మార్గమే ఉంటే మూడో సంచికకి పాఠకుడికి అది ఎక్కదు. ఇరవై పేజీల సంచికలో నాలుగు పేజీలు ఏ సిద్ధాంతమూ లేని బతుక్కి వదలాలి: మిర్చి యార్డులో టిక్కీల మీద కునుకు తీసే హమాలీ, తేజా మిర్చి ఘాటుకి తుమ్ముతూనే బేరమాడే వ్యాపారి, బడి ఎగ్గొట్టి పత్తి తీతకు వచ్చిన పిల్ల. పోలికను ఇంకాస్త లాగుతాను, క్షమించాలి: తర్వాత్తర్వాత మామూలు విత్తనాన్ని బీటీలోనే కలిపి ఒకే సంచీలో ఇచ్చే పద్ధతికీ అనుమతి వచ్చింది. గట్టి రచయిత చేసేది అదే. నాలుగు పేజీలు విడిగా పెట్టకుండా, ఉపగ్రహం చూపు పడే ప్యానెల్‌లోనే ఒక మూల హమాలీని నిద్రపుచ్చుతాడు. బొమ్మల భాషకున్న సదుపాయం ఇది. వచనంలో ఒకదాని తర్వాత ఒకటి చెప్పాలి, ప్యానెల్‌లో రెండూ ఒకేసారి కనబడతాయి. రంగుల ఖర్చుకీ భయం లేదు. నల్లరేగడి నలుపు, పత్తి తెలుపు, మిరప ఎరుపు. రెండు సిరాలు, మిగతాది కాగితం.

బొమ్మల కథలు పిల్లలవి కదా అంటారు. తెనాలి మనిషి చక్రపాణి నాగిరెడ్డితో కలిసి 1947లో ‘చందమామ’ మొదలుపెట్టినప్పటి నుంచీ ఇళ్లలో దాన్ని పెద్దలూ చదివారు. నెల నెలా ఎదురుచూసే అలవాటును దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికలు పెంచాయి. మరి కేసులు పడవా, పార్టీవాళ్లు ఊరుకుంటారా అనే భయాన్ని మాత్రం తేలిగ్గా కొట్టేయలేం. గుంటూరులో ఉన్న ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. అర్జెంటీనాలో ‘ఎల్ ఎటెర్నౌతా’ అనే కామిక్ 1957లో మొదలైంది: బ్యూనస్ ఎయిర్స్ మీద విషపు మంచు కురుస్తుంది, పేకాడుకుంటున్న మామూలు మనుషులు పోరాటంలోకి వస్తారు. దాడి చేయిస్తున్నవాళ్లను ‘వాళ్లు’ అనడమే తప్ప కథలో ఎక్కడా చూపించరు. దాని రచయిత ఓస్టర్‌హెల్డ్‌నీ, నలుగురు కూతుళ్లనీ సైనిక పాలన మాయం చేసింది. కాబట్టి ప్రమాదం లేదనడం అబద్ధం. కానీ ఆ కథ ఇప్పటికీ చదవబడుతోందంటే అందులో ఫలానా జనరల్ ముఖం లేకపోవడం ఒక కారణం. మీసం తగిలించిన నియంత వచ్చే ఎన్నికలతో పాతబడతాడు. నిబంధన ఏ పార్టీ గెలిచినా ఉంటుంది.

చివరి అభ్యంతరం: విలన్ లేకపోతే కథ ఎలా ముగుస్తుంది? దీనికి చీరాల జవాబు చెప్పింది. 1921లో పురపాలక సంఘం పన్నులు వద్దని, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో చీరాల-పేరాల జనం ఊరు ఖాళీ చేసి బయట పాకలేసుకుని రామ్‌నగర్ అన్నారు. పదకొండు నెలలున్నారు. నాయకుడు జైలు పాలయ్యాడు, జనం తిరిగొచ్చారు, పురపాలక సంఘం అలాగే ఉంది. ఒక ఊరు ఊరినే వదిలేయడం ఏ అంతరిక్ష వలసకీ తీసిపోదు, గెలుపు లేకపోయినా నూరేళ్లుగా చెప్పుకుంటున్నారు. మన సిరీస్‌ను కూడా పంట క్యాలెండర్ మీదే నడపొచ్చు: పత్తి విత్తే జూన్-జులైలో మొదటి సంచిక, తేనెటీగల గొడవ పూతవేళ, ఊరు కదిలేది తీతల కాలంలో, తిరుగు ప్రయాణం మిర్చి యార్డు కిక్కిరిసే మార్చిలో. ఆఖరి సంచికలో నిబంధన రద్దు కానక్కర్లేదు. వెనక్కి వచ్చినవాళ్లలో లైసెన్సు రుసుము ఎవరు కట్టారు, ఎవరు కట్టలేదు, కట్టనివాళ్ల చేలో ఆకు ఏ రంగులో ఉంది అన్నది గీస్తే రెండో ఏడాది సంచికలకి కథ దొరికినట్టే.