ప్రింటరు పలుకనప్పుడు

శ్రీకాకుళము జిల్లా ఉత్తరపు కొసను, ఇచ్ఛాపురము మండలములో, సముద్రతీరమున డొంకూరు అను మత్స్యకార గ్రామము కలదు. అచ్చట గాని, ఉద్దానములోని మరియొక యూర గాని, ఒక చిన్న కంప్యూటరు దుకాణమున్నదని తలంతము. బల్లమీద విండోస్‌తో నడచు కంప్యూటరొకటి. దానికి తీగతో తగిలించిన ప్రింటరొకటి. గోడప్రక్కన లినక్స్ వేసిన పాత కంప్యూటరు మరియొకటి. రెంటికిని నడుమ ఒక వై-ఫై రూటరు. ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మరపడవల వేట నిషిద్ధము. ఆ కాలపు భృతి పత్రములు పట్టుకొని పడవవారు వరుసలో నిలిచియున్నారు. మరునాడు పలాసలోని కిడ్నీ ఆసుపత్రికి తండ్రిని తీసికొనిపోవలసిన కుర్రవాడొకడు పరీక్షాఫలితముల కాగితమునకై వేచియున్నాడు. లినక్స్ కంప్యూటరుపై 'ప్రింట్' అని నొక్కిరి. తెరమీద పని పోయినట్లే కనబడినది. ప్రింటరు మాత్రము పలుకదు.

ఇట్టి వేళ మనలో పెక్కుమంది చేయు పని యొకటే. ప్రింటరు ఆర్పి వెలిగింతుము; తీగ లాగి మరల గ్రుచ్చుదుము; ప్రింటరును జాబితానుండి తొలగించి మరల చేర్చుదుము; ఇవన్నియు ఒక్కమారే చేయుదుము. అదృష్టవశమున పని జరిగినను, దేనివలన జరిగినదో తెలియదు. రేపు మరల అదే చిక్కు వచ్చును. మేము ఈ ప్రసంగములో చెప్పదలచిన దొక్కటే: ఇట్టి చిక్కులలో ప్రింటరు చెడియుండుట అరుదు. కబురు దారిలో నెచ్చటనో ఆగిపోయినది. అది యెచ్చట ఆగినదో తెలిసికొనుటయే మరమ్మతులో సగపాలు. డొంకూరునుండి పలాసలోని చుట్టములకు పంపిన కబురు అందలేదన్నచో, ఆ యింట మనుషులున్నారా, దారి బాగున్నదా, వారు ఇల్లు మారినారా, వాకిలి తెరచినారా, చెప్పినమాట వారికి తెలిసినదా అని వరుసగా విచారింతుము గదా. ప్రింటరు విషయమునను ఆ అయిదు ప్రశ్నలే.

మొదటి ప్రశ్న: ప్రింటరు తనంతట పనిచేయుచున్నదా? ప్రింటరు తగిలించిన విండోస్ కంప్యూటరునుండియే ఒక పరీక్షాపుటను ముద్రింపవలెను. అది రాకున్నచో రెండవ కంప్యూటరును తాకనక్కరలేదు; కాగితము, సిరా, తీగ చూచుకొనవలెను. ముందటి పని యేదైన వరుసలో ఇరుకుకొన్నచో వెనుకటివన్నియు నిలిచిపోవును. దానిని రద్దు చేయవలెను. రద్దు కాకున్నచో 'ప్రింట్ స్పూలర్' అను సేవను ఆపి మరల నడిపింపవలెను. మరియొక సంగతి మరువరాదు. ఇట్లు పంచుకొన్న ప్రింటరు, తన్ను మోయుచున్న కంప్యూటరు మెలకువగా నున్నంతవరకే ఇతరులకు దొరకును. ఆ కంప్యూటరు నిద్రావస్థకు పోయినచో తక్కిన యంత్రములకు ప్రింటరు లేనట్లే.

రెండవ ప్రశ్న: దారి యున్నదా? రెండు కంప్యూటర్లును ఒకే వై-ఫైలో ఉండవలెను. చేతి ఫోను సిమ్ కార్డు ఇంటర్నెట్టుపై నడచుచు, ప్రింటరు ఇంటి రూటరుపై నున్నచో, ఎదురెదుటనే ఉన్నను అవి రెండును వేరు వీధులలోనివే. రూటరులో అతిథుల కొరకు వేరుగా నుంచిన వై-ఫై కూడ అట్టిదే. దానిలో చేరినవారికి ఇంటర్నెట్టు అందును గాని, ఇంటిలోని యంత్రములు కనబడకుండును. 'పింగ్' అను ఆజ్ఞతో ఒక యంత్రమునుండి మరియొకదానిని పలుకరింపవచ్చును. జవాబు వచ్చినచో దారి యున్నదని నిశ్చయము. రాకున్నచో దారి లేదని వెంటనే తీర్మానింపరాదు. విండోస్ కావలి ఆ పలుకరింపును ఆపియుండవచ్చును. అప్పుడు రెండు యంత్రములనుండియు రూటరును పలుకరించి చూడవలెను.

మూడవ ప్రశ్న చిరునామాను గూర్చినది. తుఫాను తీరమున నివసించువారికి ఇది ముఖ్యము. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపమున తీరము దాటినప్పుడు ఉద్దానమున కరెంటు స్తంభములు కూలి, ఊళ్లకు ఊళ్లే చీకటిలో మునిగినవి. అంతటి విపత్తు కాకున్నను, కరెంటు పోయి వచ్చుట మనకు క్రొత్త కాదు. రూటరు ఆరి వెలిగినప్పుడు ఒక్కొక్క యంత్రమునకు సంఖ్యారూపమైన చిరునామాను మరల పంచిపెట్టును. నిన్న 192.168.1.20 అయిన యంత్రము నేడు 192.168.1.23 కావచ్చును. లినక్స్ కంప్యూటరు పాత యింటికే కబురు పంపుచుండును. అచ్చట ఎవరును లేరు. నిన్న సాయంకాలము వరకు బాగుగా పనిచేసి, కరెంటు వచ్చిన పిమ్మట పలుకనిచో మొదట అనుమానింపవలసినది దీనినే. దీనికి శాశ్వత చికిత్స కలదు: ప్రింటరుగల యంత్రమునకు ఎప్పుడును అదే సంఖ్య యిచ్చునట్లు రూటరులో ఏర్పాటు చేయుట. కొన్ని నిమిషముల పని. ఏళ్ల తరబడి మేలు.

నాలుగవది వాకిలి. విండోస్, తాను చేరిన వై-ఫైని 'పబ్లిక్' అనియు 'ప్రైవేట్' అనియు రెండు విధములుగా ఎంచును. పబ్లిక్ అని ఎంచినచో బజారులో నున్నట్లు తలచి తలుపులు బిగించుకొనును. దుకాణపు సొంత వై-ఫైని ప్రైవేట్‌గా మార్చి, ప్రింటరును పంచుకొనుటకు అనుమతి యీయవలెను. పంచుకొన్న ప్రింటరునకు ఖాళీలు లేని చిన్న పేరు పెట్టుట మంచిది. లినక్స్‌నుండి పోవునప్పుడు విండోస్ కంప్యూటరులోని ఖాతాపేరు, సంకేతపదము చెప్పవలెను; పేరు చెప్పని అతిథిని ఇటీవలి విండోస్ పలుచోట్ల లోనికి రానీయదు. 2017 నుండి వచ్చిన విండోస్ 10 సంచికలలో ఎస్‌ఎంబీ అను సంభాషణ పద్ధతియొక్క మొదటి రూపము సాధారణముగా ఉండదు. ఆ రూపమొక్కటే తెలిసిన పాత యంత్రములు వాకిలివద్దనే నిలిచిపోవును.

వాకిలి విషయమున ఒక హెచ్చరిక. 2021 జూలైలో 'ప్రింట్‌నైట్‌మేర్' అను పేర విండోస్ ముద్రణసేవలో పెద్ద లోపము బయటపడినది. ముద్రణసేవను భద్రపరచుటకు మైక్రోసాఫ్టువారు వరుసగా సవరణలు విడుదల చేసిరి. ఆ యేడు సెప్టెంబరు సవరణ తరువాత అనేక కార్యాలయములలో పంచుకొన్న ప్రింటర్లు, చివర 11బి అని యుండు దోషసంఖ్య చూపి నిలిచిపోయినవి. ప్రింటరుగల కంప్యూటరు సవరణ పొంది గుట్టుగా మాటాడుమని కోరుచుండగా, అడుగవచ్చిన కంప్యూటరు పాతదై ఆ గుట్టు నెరుగకుండెను. పలువురు ఆ రక్షణనే తీసివేసి పని గడుపుకొనిరి. ఇది గొళ్లెము పట్టలేదని తలుపే ఊడబెరుకుట. రెండు ప్రక్కల యంత్రములకును సవరణలు వేయుటయే సరియైన మార్గము.

అయిదవది, అన్నిటికంటె చిక్కైనది, భాష. ఇచ్ఛాపురము ఒడిశా సరిహద్దున నున్న పట్టణము. అచ్చటి సంతలో తెలుగువాడును ఒరియావాడును బేరమాడవలెనన్న ఇద్దరికిని తెలిసిన భాష యుండవలెను, లేదా నడుమ దుబాసి యుండవలెను. కంప్యూటరునకును ప్రింటరునకును నడుమ నుండు దుబాసినే 'డ్రైవరు' అందురు. అడోబ్ వారి పోస్ట్‌స్క్రిప్టు, హెచ్‌పీ వారి పీసీఎల్ అను ప్రింటరు భాషలు రెండును 1984లో వెలువడినవి. పోస్ట్‌స్క్రిప్టు తెలియని ప్రింటరునకు ఆ భాషలో పుట పంపినచో, అర్థము కాక అక్షరములను ఉన్నవున్నట్లే అచ్చొత్తును. ఒక్క పుట కోరినవానికి పిచ్చిగీతలతో పుటలు పుటలు వచ్చిపడును. ఇట్లు జరిగినచో దారియు వాకిలియు బాగున్నవని సంతోషింపవచ్చును. దుబాసి ఒక్కడే తప్పు. ఇక చవుక ప్రింటర్లలో కొన్నిటికి సొంత భాషయే ఉండదు. పుటను చుక్కలు చుక్కలుగా కూర్చి యిచ్చు పని యంతయు కంప్యూటరుదే. వాటి దుబాసిని తయారీదారు విండోస్‌కు మాత్రమే యిచ్చి యుండవచ్చును. అందుచేత ప్రింటరు కొనుటకు ముందే, లినక్స్‌తో పనిచేయునా అని అడుగుట వివేకము.

ఈ భాషాభేదమును తొలగించుటకు కొందరు చేసిన కృషి గొప్పది. 1992లో ఆస్ట్రేలియాలోని కాన్బెరాయందు ఆండ్రూ ట్రిడ్జెల్ అను విద్యార్థి వెలువరించిన పనియే తరువాత 'సాంబా' అయినది. ఎస్, ఎం, బీ అను మూడక్షరములు వరుసగా గల మాటకై నిఘంటువు వెదకగా దొరికిన పేరది. లినక్స్ యంత్రము విండోస్‌తో ఎస్‌ఎంబీ పద్ధతిలో మాటాడుట దీని చలువయే. అమెరికాలో మైకేల్ స్వీట్ 1997లో 'కప్స్' అను ముద్రణ ఏర్పాటును నిర్మింప మొదలిడెను. ఆపిల్ సంస్థ 2002లో దానిని తన మాక్ యంత్రములలో చేర్చుకొనెను. నేడు లినక్స్‌లోను మాక్‌లోను ముద్రణపని నడిపించునది అదియే. 1999లో ఐపీపీ అను ఉమ్మడి పద్ధతి ప్రకటితమైనది. దాని ద్వారసంఖ్య 631. 2010లో ఆపిల్ వారి ఎయిర్‌ప్రింట్, 2013లో ఐపీపీ ఎవ్రీవేర్ అను ప్రమాణము దానిపైననే నిలిచినవి. వీనితో, ప్రత్యేక దుబాసి లేకుండగనే ఫోనుగాని కంప్యూటరుగాని ప్రింటరుతో నేరుగా మాటాడగలవు. 2023 సెప్టెంబరులో మైక్రోసాఫ్టువారు కూడ, తయారీదారుల డ్రైవర్లను విండోస్ అప్‌డేట్ ద్వారా అందించుట క్రమముగా విరమింతుమని ప్రకటించిరి. దుబాసీల కాలము పోయి ఉమ్మడి భాష కాలము వచ్చుచున్నదన్నమాట.

కావున మన దుకాణమునకు మా సలహా యిది. ప్రింటరు తానుగా వై-ఫైలో చేరగలదైనచో, తీగ విడిచి రూటరునకే కలిపి ఐపీపీతో వాడుకొనవలెను. ఏ కంప్యూటరు నిద్రపోయినను బాధలేదు. తీగ ప్రింటరే ఉన్నచో, దానికి లినక్స్ డ్రైవరు ఉన్నపక్షమున, లినక్స్ కంప్యూటరునకే తగిలించి కప్స్ ద్వారా పంచుకొనుట తరచు సుఖము. విండోస్ దానిని ఐపీపీ చిరునామాతో చేర్చుకొనును. అయితే ఒకమారు విఫలమైన పిమ్మట కప్స్‌లో ఆ ప్రింటరు 'ఆగినది' అను స్థితిలో ఉండిపోవచ్చును. అసలు లోపము తొలగినను, దానిని మరల నడిపింపనిదే పుట రాదు.

పుట వచ్చిన తరువాత కూడ రెండు చిక్కులు మిగులును. ఒకటి కాగితపు కొలత. మన కాగితము ఏ4, అనగా 210 × 297 మిల్లీమీటర్లు. అమెరికావారి 'లెటర్' 216 × 279. కంప్యూటరులో లెటర్ అని యున్నచో, ప్రింటరు లేని కాగితమునకై దీపము మిటకరించుచు వేచియుండును. రెండవది మన తెలుగు. 1991 నుండి యూనికోడ్‌లో తెలుగునకు స్థానమున్నను, పాత డీటీపీ ఫాంట్లతో కూర్చిన పత్రములు నేటికిని తిరుగుచున్నవి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో అవి అర్థములేని ఇంగ్లీషు అక్షరములుగ మారును. పత్రము కూర్చిన కంప్యూటరులోనే ఫాంటుతో సహా పీడీఎఫ్‌గా చేసి పంపినచో, ఏ యంత్రమునుండి ముద్రించినను అక్షరము చెదరదు.

ప్రశ్నలను వరుస తప్పక అడుగుట, ఒకమారు ఒక్కటే మార్చుట, మార్చినది కాగితముమీద వ్రాసికొనుట: ఈ మూడు అలవాట్లు చాలును. ప్రింటరు పేరు, చిరునామా సంఖ్య, ఖాతాపేరు ఒక అట్టముక్కపై వ్రాసి గోడకు తగిలింపవలెను. సంకేతపదము మాత్రము గోడమీదికి రాకూడదు. దుకాణదారు ఊర లేని దినమున గూడ చదువుకొన్న కుర్రవాడెవడైనను ఆ అట్ట చూచి పని నడిపింపగలడు. వేటకు విరామమైన పడవవానికిని, తెల్లవారక ముందే పలాస బస్సు ఎక్కవలసిన రోగికిని విండోస్ ఏదో, లినక్స్ ఏదో తెలియనక్కరలేదు. వారికి కావలసినది చేతిలో కాగితము. అది వేళకు అందినచో ఈ విద్య సార్థకమైనట్లే.