పింఛను డబ్బు ప్లాటులో పెడితే నెల గడిచేదెట్లా?

దొర్నిపాడు : పదవీ విరమణ రోజున శాలువా కప్పి, పూలదండ వేసి, ఫోటో దిగి ఇంటిదాకా సాగనంపుతారు. ముప్ఫయ్యేళ్ల నౌకరి ఆ సాయంత్రంతో ముగుస్తుంది. కొన్నాళ్లకు గ్రాట్యుటీ, కమ్యుటేషన్, ప్రావిడెంటు ఫండు, బీమా సొమ్ము ఒకదాని వెనుక ఒకటి బ్యాంకు ఖాతాలో పడతాయి. అంతవరకూ జీతం రాళ్లతో నెల నెట్టుకొచ్చిన మనిషి అంత మొత్తం ఒక్కచోట చూడడం అదే మొదటిసారి, అదే చివరిసారి కూడా.

ఇక ఆనాటి నుంచి ఇంటికి వచ్చిపోయేవారు ఎక్కువవుతారు. ‘‘నంద్యాల పక్కన వెంచరు పడింది సార్, ఇప్పుడు తీసుకొంటే మూడేళ్లకు రెండింతలు’’ అని ఒకరు, ‘‘కాలువ కింద రెండెకరాలు బేరానికి ఉంది, ఇంకొకరి కంట పడకముందే అడ్వాన్సు ఇయ్యండి’’ అని మరొకరు ఊదరగొడతారు. 2016లో నంద్యాల - యర్రగుంట్ల రైలు మార్గంలో రైళ్లు నడవడం మొదలైంది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా కేంద్రమైంది. ఈ రెండింటినీ చూపి స్థలాల బేరగాళ్లు చెప్పే మాటలకు అంతులేదు. ఈ హడావుడిలో ఉపాధ్యాయులు, ఆర్టీసీ కార్మికులు, చిరుద్యోగులు తమ వృద్ధాప్యపు సొమ్మంతా ఒక్క దస్తావేజులో పెట్టడం ఎంతవరకు క్షేమమో ఆలోచించవలసి ఉన్నది.

తవర్జీ నాటి పాఠం

భూమి మీద మన ప్రాంతీయులకు మమకారం ఊరకే పుట్టలేదు. నల్లరేగడి నేల, కుందూ నది, 1860లలో తవ్వకం మొదలైన కె.సి. కాలువ, వీటి మీదనే తరతరాల బతుకు నడిచింది. పక్కనున్న ఉయ్యాలవాడ చరిత్ర చదువురానివారికి కూడా తెలుసు. కంపెనీ ప్రభుత్వం పాళెగాండ్ర భూములు తీసుకొని బదులుగా తవర్జీ, అంటే పింఛను ఇచ్చింది. నరసింహారెడ్డి వాటాకు వచ్చింది నెలకు 11 రూపాయల చిల్లర. ఆ తవర్జీ కోసం కోవెలకుంట్ల ఖజానాకు మనిషిని పంపితే ఇవ్వకుండా అవమానించారని, 1846 నాటి తిరుగుబాటుకు అదొక కారణమని చెబుతారు. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఆయనను ఉరితీశారు.

భూమి చేజారితే ఒకరి దయ మీద బతకాలన్న భయం ఈ గడ్డ మీద అట్లా నాటుకొన్నది. ఆ భయం అర్థం లేనిది కాదు. కాగా అదే కథలో మరో పాఠం కూడా ఉన్నది. నెలనెలా చేతికి రావలసిన డబ్బు ఆగిపోతే మనిషి ఎంత దూరమైనా పోవలసి వస్తుంది. నేటి పింఛనుదారు తన డబ్బు తానే ఆపుకొంటే, అడగడానికి ఏ తహశీల్దారూ ఉండడు.

కమ్యుటేషన్ అంటే ఏమిటి?

చాలామంది కమ్యుటేషన్ సొమ్మును సర్కారు ఇచ్చిన బహుమానంగా తలుస్తారు. అది పొరపాటు. పింఛనులో 40 శాతం వరకు ముందుగానే అమ్ముకొంటే వచ్చే డబ్బు అది. ఆ మేరకు నెలసరి పింఛను తగ్గుతుంది. తగ్గిన భాగం తిరిగి కలిసేది 15 ఏళ్లకు. అంటే ఈ డబ్బు ఒక ఖాళీ స్థలంలో పెట్టినవారు తమ పింఛనులో ఒక భాగాన్ని రాళ్లు పాతిన చేనుగా మార్చుకొన్నట్లే.

2004 సెప్టెంబరు 1న, ఆ తరువాత రాష్ట్ర ప్రభుత్వ కొలువులో చేరినవారిని పాత పింఛనుకు బదులు వాటా పింఛను పథకంలోకి తెచ్చారు. ఆ పథకంలో జమ అయిన మొత్తంలో 60 శాతం వరకు చేతికి వస్తుంది, కనీసం 40 శాతం నెలసరి ఆదాయం కోసం కట్టాలి. భవిష్యనిధి పింఛను పథకం కిందికి వచ్చే కార్మికుల స్థితి మరీ కష్టం. 2014లో వారి కనీస పింఛనును నెలకు వెయ్యి రూపాయలుగా నిర్ణయించారు. ఇట్టివారికి చేతికి వచ్చిన మొత్తమే అసలు పింఛను. దానిని స్థలంలో కట్టేస్తే మందుబిళ్లలకు కూడా కొడుకు ముందు చేయి చాచవలసిందే.

ఒక లెక్క

ఒక మాస్టారుకు అన్నీ కలిపి 33 లక్షలు వచ్చాయనుకొందాం. అందులో 30 లక్షలు పెట్టి ప్లాటు కొన్నారు. స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం ఒకటిన్నర శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం. మొత్తం ఏడున్నర శాతం, అంటే 2 లక్షల 25 వేలు. మధ్యవర్తి కమీషను, దస్తావేజు రాతకూలి దీనికి అదనం.

అదే 30 లక్షలు పోస్టాఫీసులోనో బ్యాంకులోనో వయోవృద్ధుల పొదుపు పథకంలో వేశారనుకొందాం. 60 ఏళ్లు నిండినవారికి ఇది వర్తిస్తుంది. 2023 ఏప్రిల్ నుంచి గరిష్ఠ పరిమితి 15 లక్షల నుంచి 30 లక్షలకు పెరిగింది. అప్పుడు ప్రకటించిన వడ్డీ 8.2 శాతం. వడ్డీ రేటు ప్రభుత్వం మూడు నెలలకొకసారి ప్రకటిస్తుంది కానీ, డబ్బు వేసిన రోజున ఉన్న రేటే అయిదేళ్లూ నడుస్తుంది. 8.2 శాతం లెక్కన మూడు నెలలకు 61,500 రూపాయలు, నెలకు 20,500 రూపాయలు పడుతుంది. అయిదేళ్లలో మొత్తం వడ్డీ 12 లక్షల 30 వేలు. పన్ను పరిధిలో ఉన్నవారికి పన్ను పోతుంది.

ఇప్పుడు ప్లాటు సంగతి చూడండి. పోయిన వడ్డీ 12.30 లక్షలు, రిజిస్ట్రేషన్ ఖర్చు 2.25 లక్షలు. అయిదేళ్లకు ఆ ప్లాటు 44 లక్షల 55 వేలకు అమ్ముడుపోతే అసలుకు అసలు సరిపోయినట్లు. అంతకు మించి వచ్చినదే లాభం. అంతకు తక్కువైతే నష్టం. ఈలోగా గుండె జబ్బు వచ్చినా, కూతురి కాన్పు వచ్చినా ప్లాటులో ఒక మూల తెగనరికి అమ్ముకోవడం కుదరదు. అవసరం కొద్దీ అమ్మేవాడి ధర కొనేవాడు చెప్పినంతే.

పొలమైతే నయమా అంటే, కొంత నయమే. గుత్తకు ఇస్తే ఏటా ఎంతో కొంత చేతికి వస్తుంది. అయితే ఎకరా ధర ఒకవైపు, ఆ ఊళ్లో నడుస్తున్న గుత్త రెండోవైపు రాసుకొని నూటికి ఎంత పడుతున్నదో చూసుకోవాలి. వానలు పోయిన ఏడు, కాలువకు నీళ్లు రాని ఏడు గుత్తదారు కూడా ఇచ్చుకోలేడన్న సంగతి ఈ ప్రాంత రైతుకు ఒకరు చెప్పవలసిన పని లేదు.

అగ్రిగోల్డ్ మరువరాదు

స్థలం ఆశ చూపి డబ్బు గుంజడం మన రాష్ట్రానికి కొత్త కాదు. విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్ సంస్థ ప్లాటు గానీ, గడువు తీరాక హెచ్చు మొత్తం గానీ ఇస్తామని డిపాజిట్లు వసూలు చేసింది. 2014 - 15 నాటికి చెల్లింపులు నిలిచిపోయి కేసులు నమోదైనాయి. సుమారు 19 లక్షల మంది, 32 లక్షలకు పైగా ఖాతాలు, దాదాపు 6,380 కోట్ల రూపాయలు అని ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ లెక్క తేల్చింది. రాష్ట్ర ప్రభుత్వం 2019లో 10 వేల లోపు, 2021లో 20 వేల లోపు డిపాజిటుదారులకు చెల్లింపులు చేసింది. పెద్ద మొత్తాలు కట్టినవారు కోర్టుల చుట్టూ ఏళ్ల తరబడి ఎదురుచూడవలసి వచ్చింది. ఊళ్లో తెలిసినవాడే ఏజెంటుగా రావడం, నమ్మకం మీద డబ్బు కట్టడం ఆ నష్టానికి మూలమన్నది గమనార్హం.

కొనే ముందు చూడవలసినవి

అయినా కొనాలని నిశ్చయించుకొన్నవారు అడ్వాన్సుకు ముందే కొన్ని కాగితాలు చూడాలి.

మొదటిది, ఇ.సి. అమ్మేవాడికి ఆ ఆస్తి ఎట్లా వచ్చిందో, తాకట్టులో ఉన్నదో లేదో దీనిలో తెలుస్తుంది. ముప్ఫయ్యేళ్లకు తక్కువ కాకుండా తీయించి, లింకు దస్తావేజులతో సరిచూసుకోవాలి.

రెండవది, 1-బి, అడంగల్. పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం దస్తావేజుతో కలవాలి. మూడవది, రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింద నిషేధిత జాబితా. సర్కారు భూమి, దేవాదాయ భూమి ఇందులో ఉంటాయి. డి.కె.టి. పట్టా భూముల విషయంలో మరీ జాగ్రత్త అవసరం. పేదలకిచ్చిన ఆ భూముల అమ్మకాన్ని 1977 నాటి చట్టం నిషేధించింది. 2023లో కొన్ని సడలింపులు వచ్చినా, అవి అన్ని పట్టాలకూ వర్తిస్తాయని అనుకోరాదు.

నాలుగవది, లే అవుటు అనుమతి, రెరా నంబరు. 2016 నాటి స్థిరాస్తి చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లకు మించిన వెంచరు రెరాలో నమోదు కాకుండా ప్లాట్లు అమ్మరాదు. రిజిస్టరైన ఒప్పందం లేకుండా ధరలో పదో వంతుకు మించి అడ్వాన్సు తీసుకోరాదు. ‘‘నంబరు వస్తుంది, ముందు సగం కట్టండి’’ అన్నవాడికి ఈ సంగతి చెబితే చాలు, అసలు రంగు బయటపడుతుంది.

జనరల్ పవర్, నోటరీ కాగితాల మీద అమ్మకం చెల్లదని సుప్రీంకోర్టు 2011లోనే స్పష్టం చేసింది. రిజిస్టరు కాని కాగితం ఎంత అందంగా ఉన్నా అది కాగితమే.

ఇక కాగితాల్లో కనబడనిది నేల. వెంచరును ఎండాకాలంలో కాదు, ముసురు పట్టినప్పుడు చూడాలి. రేగడి నేల తడికి ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. దాని మీద ఇల్లు కట్టాలంటే పునాదికే చేయి తిరగని ఖర్చు. వాగు పక్కన, కుందూ ఒడ్డున చవకగా వచ్చిన స్థలానికి ఆ చవక ఎందుకో ఊరి పెద్దలను అడిగితే చెబుతారు.

ఎవరి పేరు మీద?

కొన్న స్థలాన్ని నేరుగా కొడుకు పేర రాయించడం మన ఇండ్లలో మామూలు. ప్రేమ మంచిదే. అయినా తల్లిదండ్రులిద్దరూ బతికున్నంతకాలం వారి పేర ఉండడమే మేలు. రాసిచ్చే పక్షంలో తమను పోషించాలన్న షరతు దస్తావేజులో రాయించుకోవాలి. అట్టి షరతు తప్పితే ఆ దానపత్రాన్ని రద్దు చేయమని కోరే హక్కు 2007 నాటి వయోవృద్ధుల సంక్షేమ చట్టం 23వ సెక్షను ఇచ్చింది. రెవెన్యూ డివిజనల్ అధికారి వద్ద ఉండే ట్రైబ్యునల్‌లో అర్జీ పెట్టుకోవచ్చు.

స్థలం కొనడం తప్పు కాదు. వరుస తప్పడమే తప్పు. ముందు భార్యాభర్తలిద్దరికీ నెల గడిచే ఆదాయం, తరువాత జబ్బు జాడ్యానికి చేతిలో కొంత, పిల్లల పెళ్లి మిగిలి ఉంటే దానికి కొంత. ఇవన్నీ పోను మిగిలినదే స్థలానికి. మిగలకపోతే స్థలం లేకపోయినా నష్టం లేదు.

అనుమతి లేని లే అవుట్ల వివరాలు, నిషేధిత భూముల సర్వే నంబర్లు ప్రతి గ్రామ సచివాలయం వద్ద తెలుగులో పెద్ద అక్షరాలతో అతికిస్తే ఎందరో పెద్దల సొమ్ము నిలుస్తుంది. రెవెన్యూ, రిజిస్ట్రేషన్ శాఖలు ఈ పని చేపట్టడం అవసరం. పింఛనుదారుల సంఘాలు కూడా పదవీ విరమణకు ఏడాది ముందే సభ్యులను కూర్చోబెట్టి ఈ లెక్క వేయించగలిగితే బాగుంటుంది. శాలువా కప్పే రోజున చెప్పే మంచిమాటల కంటే అది ఎక్కువ కాలం పనికొస్తుంది.