కోడికి రెక్కలున్నాయి సరే, వాలడానికి చోటేది?

కంకిపాడు, ఉయ్యూరు, గన్నవరం వైపు మామిడి, కొబ్బరి తోటల్లో ఇప్పుడు చక్రాల గూళ్లు కనబడుతున్నాయి. వెల్డింగ్ షాపులో చేయించిన ఇనుప ఫ్రేము, పాత మోపెడ్ చక్రాలు, పైన రేకు, చుట్టూ మెష్. పగలంతా కోళ్లు చెట్ల కింద పురుగూ పుట్రా ఏరుకుంటాయి, రెట్ట అక్కడే ఎరువవుతుంది, మర్నాడు గూడును కాస్త ముందుకు నెడతారు. పద్ధతి మంచిదే. గూళ్లతో పాటు ఒక మాట కూడా తోట నుంచి తోటకు పాకుతోంది. "కోడికి మెట్లెందుకండీ? రెక్కలున్నాయిగా!" ఈ మాట నమ్మి రెండడుగుల ఎత్తున గూడు నేల వేస్తున్నారు, దాని మీద మరో మూడడుగుల ఎత్తున అడ్డకర్ర కడుతున్నారు, దిగే దారి మాత్రం పెట్టడం లేదు. కొన్ని నెలలకు పెట్టలు ఒక్కొక్కటే కుంటడం మొదలవుతుంది.

ఈ నమ్మకం ఊరికే పుట్టలేదు. మన పెరటి నాటుకోడి వేపచెట్టెక్కి పడుకునేది, పశువుల పాక దూలం మీద తెల్లార్లూ కూర్చునేది, పొద్దున్నే దూకి వెళ్లిపోయేది. దానికేమీ కాలేదు కాబట్టి ఏ కోడికీ ఏమీ కాదనుకున్నాం. ఆ నాటుపెట్ట బరువు కేజీ, కేజీన్నర. ఇప్పుడు చక్రాల గూళ్లలో పెంచుతున్నవి ఎక్కువగా వనరాజా, గ్రామప్రియ. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ పెరటి పెంపకం కోసమే తయారుచేసిన రకాలివి. గ్రామప్రియ కాస్త తేలిక. వనరాజా పెట్ట రెండు కేజీలు దాటుతుంది, దాని రెక్కలు మాత్రం ఆ బరువుకు తగ్గట్టు పెరగవు.

బరువు ఒక్కటే కాదు. చెట్టు మీది కోడి తిన్నగా కిందికి పడదు. రెక్కలు విప్పి ఏటవాలుగా వచ్చి, వాకిట్లో నాలుగడుగులు పరుగెత్తి ఆగుతుంది. నాలుగడుగుల వెడల్పు గూట్లో ఆ పరుగుకు చోటెక్కడ? ఎదురుగా మెష్ గోడ, పక్కన ఇంకో కోడి. అందుకే బరువంతా కాళ్ల మీద పడేలా నిలువునా దూకుతుంది. కోడికి ఎక్కడం కంటే దిగడమే కష్టమని, దిగే కోణం 45 డిగ్రీలు దాటితే తప్పటడుగులు, పడిపోవడాలు పెరుగుతాయని గుడ్ల కోళ్లపై పరిశోధనలు తేల్చాయి. దూకుళ్లలో, ఢీకొట్టుకోవడంలో రొమ్ము ఎముక విరిగిన పెట్టలు యూరప్ గుడ్ల ఫారాల్లో పెద్ద సమస్య. తెల్లవారుజామున మీ గూటి దగ్గర నిలబడి చూడండి. వనరాజా పెట్ట కర్ర అంచుకు వచ్చి మెడ సాచి కిందికి చూస్తుంది, తల తిప్పి రెండో కంటితో చూస్తుంది, వెనక్కి జరుగుతుంది, మళ్లీ అంచుకు వస్తుంది. దూకడానికి జంకుతోందని అంతకంటే స్పష్టంగా అది చెప్పలేదు.

కుంటే కోడిని పట్టుకుని వెల్లకిలా తిప్పి పాదం అడుగు చూడండి. మధ్యలో నల్లటి చెక్కు, చుట్టూ ఎర్రటి వాపు, ముట్టుకుంటే వేడి. మెష్ నేల మీదో, ఎండకు గట్టిపడ్డ నల్లరేగడి పెళ్లల మీదో పదేపదే దూకితే అరికాలి చర్మం చిట్లుతుంది. ఆ చీలికలోకి రెట్ట కలిసిన బురద చేరుతుంది, స్టఫైలోకోకస్ బాక్టీరియా లోపలికి దిగి చీము పడుతుంది. వానాకాలంలో మన డెల్టాలో గూటి చుట్టూ తడి ఆరదు కాబట్టి పుండూ మానదు.

అసలు నష్టం ఆ తర్వాతే. కోడి కుంటగానే "కొక్కెర తెగులు వచ్చేసింది" అంటారు. 2025 ఫిబ్రవరిలో తణుకు వైపు, మన ఎన్టీఆర్ జిల్లా గంపలగూడెం మండలంలో బర్డ్ ఫ్లూ బయటపడ్డాక ఆ భయం రెట్టింపైంది. పుండు కాలున్న పెట్టను చూసి మందంతా అయినకాడికి అమ్మేసేవాళ్లున్నారు. మెడికల్ షాపులో యాంటీబయాటిక్ బిళ్లలు కొని నీళ్లలో కలిపి అన్నిటికీ పట్టేవాళ్లున్నారు. దయచేసి ఆగండి. ఒక్క కోడి, ఒక్క కాలు, మేత మామూలుగా తింటోంది అంటే ముందు అరికాలు చూడాలి. పచ్చటి విరేచనాలు, మెడ మెలిక, నోరు తెరిచి రొప్పడం, ఒకేసారి రెండు మూడు చావడం ఉంటే అది వేరే సంగతి. ఏ కోడినీ కదపకుండా, చచ్చినవాటిని కాలవలో పారేయకుండా పశువైద్యుణ్ని పిలవండి, లేదా 1962కు ఫోన్ చేయండి.

మెట్టు వద్దనేవాళ్లు చెప్పే ఇంకో కారణం, దాని మీదుగా ముంగిస ఎక్కుతుందని. ఒప్పుకోవడానికి మనసు రాకపోయినా ఈ భయం వట్టిది కాదు. మెట్టుగా పెట్టే వాలు పలకను రాత్రి దించి వదిలేస్తే అది ముంగిసకూ, జంగపిల్లికీ, పాముకూ దారే. అయితే చక్రం మీదుగా కూడా ముంగిస ఎక్కగలదు. మెట్టు తీసేసినంత మాత్రాన గూడు భద్రం కాదు, తలుపు బిగించాలి. పలకకు పైన బందులు పెట్టి, చీకటి పడ్డాక పైకి లేపి కొక్కెం తగిలిస్తే సరిపోతుంది. ఆ పలకనే తలుపుగా వాడేద్దాం, ఒక ఖర్చు తగ్గుతుందని మాత్రం అనుకోకండి. పగలంతా అంటిన బురదకు అది సరిగా మూసుకోదు, ఆ సందు పాముకు చాలు.

మిగతా నమ్మకాలకు ఇంత వివరం అక్కర్లేదు. జీఐ పైపు అడ్డకర్ర శుభ్రంగా ఉంటుందంటారు. నున్నటి పైపు మీద కోడికి పట్టు దొరకదు. వీడియోల్లో చూపే వెడల్పాటి బల్లచెక్క మంచు దేశాల వాళ్లు కాలివేళ్లు గడ్డకట్టకుండా వాడేది, మే నెలలో మాడే బెజవాడకు ఆ అవసరం లేదు. చెక్కలో పేలు పుడతాయనేది అబద్ధం, కానీ గోమార్లు చెక్క సందుల్లో నెలల తరబడి తిండి లేకుండా దాక్కుని రాత్రిపూట రక్తం తాగడం నిజం. చీల్చిన వెదురు బద్ద చవకే, దాని అంచు కోస్తుంది.

ఇక ఎలా కట్టాలి? బెరడు తీసిన సరుగుడు కర్ర, దాదాపు రెండంగుళాల మందం, కణుపులు చెక్కినది తీసుకోండి. ఒక్కో కోడికి తొమ్మిది, పది అంగుళాలు వదిలితే పది కోళ్లకు నాలుగడుగుల కర్రలు రెండు చాలు. మొదటిది గూడు నేలకు అడుగున్నర ఎత్తున, రెండోది దానికంటే ఎనిమిది అంగుళాలు పైన, అడుగు వెనక్కి ఉండాలి. అప్పుడు పైది దిగే కోడికి కింది కర్రే మెట్టు. గోడకు కనీసం ఎనిమిది అంగుళాలు వదలండి. ఇవి నా లెక్కలే కావు, గుడ్ల కోళ్లకు యూరప్ 1999లో పెట్టిన నిబంధనల్లోనూ అడ్డకర్రల మధ్య 30, గోడకు 20 సెంటీమీటర్ల దూరం అడిగారు. కోడి ఉన్నవాటిలో అన్నిటికంటే ఎత్తయిన చోటే పడుకుంటుంది, కాబట్టి గుడ్లు పెట్టే పెట్టెలు కర్రల కంటే కింద ఉండాలి, లేకపోతే రాత్రి పెట్టెల్లోనే పడుకుని గుడ్లన్నీ పెంట చేస్తాయి. కర్రలకు మేకులు కొట్టకండి. గాడిలో పెట్టి తీసేలా ఉంటే పదిహేను రోజులకోసారి మరిగే నీళ్లు పోసి ఎండలో ఆరేయవచ్చు. గూడు నేల మెష్ అయితే కర్రల కింద భాగం వరకైనా పలక పరిచి మూడంగుళాల ఊక పోయండి.

వాలు పలకకు ఒకే లెక్క. గూడు నేల ఎంత ఎత్తో పలక దానికి రెట్టింపు పొడవుండాలి. రెండడుగులకు నాలుగడుగులు, అంటే 30 డిగ్రీల వాలు. అడుగు వెడల్పు, ఐదారు అంగుళాలకో అడ్డపట్టీ. మెష్ చుట్టకండి, గోళ్లు చిక్కుకుంటాయి. పలక ఆనే చోట వరిగడ్డి వేసి, తడిసినప్పుడల్లా మార్చండి. కొత్త కోళ్లకు రెండు మూడు సాయంత్రాలు పలక మీద గింజలు చల్లితే అవే నేర్చుకుంటాయి. గూడును ఒకేసారి దూరం లాగకండి, పొద్దుగూకితే అవి పాత చోటే మూగుతాయి. వరి కోసిన చేలోకి మాత్రం తోయకండి, కోతకు ముందే చల్లిన మినుము అక్కడ మొలకెత్తి ఉంటుంది.

గూడు కొత్తగా చేయిస్తున్నవాళ్లు వెల్డర్‌కు చక్రాల కంటే ముందు పలక కొలత చెప్పండి. ఇప్పటికే ఉన్నవాళ్లు ఈ రాత్రి కోళ్లు కర్రెక్కాక టార్చి పట్టుకుని ఒక్కొక్కదాని అరికాలూ చూడండి. చెక్కు కడుతూ కనిపిస్తే రేపే పలక పెట్టండి, వాపు ఉంటే కోడిని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి.