మెక్సికో పంక్తిలో పరదేశులు

పరదేశమునకు పోయి కాపురముండు మనుజుడు అచ్చటి భాషను నేర్వక యేండ్లు గడుపవచ్చును, అచ్చటి చరిత్రమును తెలిసికొనక యుండవచ్చును. కాని దినమునకు రెండు మూడు మారులు ఆ నేల పండించిన గింజను నోట బెట్టుకొనక మాత్రము గడవదు. ఆ గింజను ఎట్లు తినుచున్నాడు, ఎవరి సరసను కూర్చుండి తినుచున్నాడు, మరల ఎవరికి వడ్డించుచున్నాడు అను మూడు ప్రశ్నలకు వచ్చు సమాధానమును బట్టియే వాడు ఆ దేశమునకు బాటసారియో బంధువో తేలిపోవును. ఈ సత్యమును నిరూపించుటకు మెక్సికోను మించిన దేశము అరుదు.

2020 నాటి జనాభా లెక్కలలో మెక్సికోయందు అన్యదేశములలో జన్మించినవారు ఇంచుమించు 12 లక్షలమంది తేలగా, అందు మూడింట రెండు వంతులవారు అమెరికా సంయుక్తరాష్ట్రములలో పుట్టినవారు. తలిదండ్రులతో కూడ సొంత గడ్డకు మరలివచ్చిన మెక్సికన్ కుటుంబముల పిల్లలు వీరిలో అనేకులు. తక్కినవారిలో ఉద్యోగవిరమణానంతరము సమశీతోష్ణమైన చోట స్వల్పవ్యయముతో శేషజీవితము గడప వచ్చిన అమెరికనులు, కెనడియనులు కలరు. హాలిస్కో రాష్ట్రములో, దేశమునకెల్ల పెద్దదైన చపాలా సరస్సు నుత్తరపు టొడ్డున నున్న అహిహిక్ గ్రామము ఇట్టివారికి ప్రసిద్ధ నివాసము. సాన్ మిగేల్ దె అయేందె పట్టణమునకు రెండవ ప్రపంచయుద్ధానంతరము అమెరికన్ సైనికులు చిత్రకళాభ్యాసమునకై వచ్చి చేరిరి. గ్వాదలహారా, మోంతెర్రేయ్, కెరేతారో నగరములలో భారతీయ సాఫ్ట్‌వేరు సంస్థలు శాఖలు తెరచిన పిదప మన తెలుగు యువకులును ఆ దేశమున పొయ్యి వెలిగించుచున్నారు.

వీరందరి ముందునకును మొట్టమొదట వచ్చు ఆహారము మొక్కజొన్న. మెక్సికోలో పుట్టి, అచ్చటి రైతుల చేతిలో వేల యేండ్లుగా పెరిగిన యీ ధాన్యములో తెల్లవి, పచ్చవి, ఎఱ్ఱవి, నీలివి యగు గింజలతో అరువదికి చేరువైన దేశవాళీ జాతులు నేటికిని సాగులో నున్నవి. దానిని వండు విధానము నేర్చుకొనదగినది. రాత్రివేళ పెద్దకుండలో గింజలను సున్నపునీట ఉడికించి, దింపి, తెల్లవారువరకు నానవిడుతురు. ఉదయమున చేతులతో రుద్ది కడుగగా పైపొట్టు జిగురుజిగురుగా ఊడి నీటితో పోవును. మిగిలిన గింజను పూర్వము మెతాతె యను సన్నికంటిమీద మోకాళ్లపై కూర్చుండి స్త్రీలు నూరెడివారు, నేడు వీధిమరలో ఆడించుకొందురు. ఆ ముద్దను ఉండలుచేసి, అరచేతులతో తట్టి, కోమాల్ అను పెనముపై వేసి, రెండుసార్లు తిరుగవేయగా రొట్టె నడుమ గాలి నిండి బుడగవలె పొంగును. అప్పుడు తీసి గుడ్డలో చుట్టి, వేడి తగ్గకముందే పంక్తికి తెత్తురు. అదియే తోర్తియా.

ఈ సున్నపునీటి సంస్కారము రుచికి మాత్రమే యేర్పడినది గాదు. మొక్కజొన్నలో బంధింపబడియున్న నయాసిన్ అను విటమినును ఈ ప్రక్రియ విడుదల చేయును. గింజను మాత్రమే కొనిపోయి విధానమును విడిచిపెట్టిన ఐరోపా దక్షిణ ప్రాంతములలోను, అమెరికా దక్షిణ రాష్ట్రములలోను పేదలు పెల్లాగ్రా వ్యాధి పాలై చర్మము పగిలి, మతి చలించి మరణించిరి. జొన్నయే ప్రధానాహారమైన మన దక్కను పీఠభూమిలోని బీదలయందును ఆ వ్యాధి కనబడగా, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో డాక్టరు సి. గోపాలన్ ప్రభృతులు దాని కారణములను పరిశోధించిరి. ఒకరి యన్నమును స్వీకరించువాడు ఆ యన్నము వెనుకనున్న జ్ఞానమును గూడ స్వీకరింపవలెనని ఈ మొక్కజొన్న కథను మించి బోధించు నిదర్శనము లేదు.

ఆ జ్ఞానమునకు పాఠశాల సంత. తియాంగిస్ అని పిలువబడు వారపు సంత అహిహిక్‌లో బుధవారము జరుగును. వీధి పొడవునను గుడారపుగుడ్డల నీడలో ఎండుమిరప రాసులు, ముళ్లు చెక్కి గుట్టవోసిన నాగజెముడు మట్టలు, పొరతొడుగులోనున్న పచ్చని తొమాతీయో కాయలు, గుమ్మడిపూల కట్టలు నోరూరించుచుండును. ఎండుమిరపలోనే ఆంచో, పసీయా, గ్వాహీయో, చిపోత్లె యని వేరువేరు పేర్లు, వేరువేరు పనులు. ఒకటి రంగునకు, ఒకటి తీపివాసనకు, ఒకటి పొగ రుచికి. అమ్మకత్తె మామిడిముక్క కోసి నోటికందించి రుచి చూపును. బేరము కుదిరిన పిమ్మట పిడికెడు కొసరు వేయును. ప్రతివారమును ఒకే యంగడికి పోవు పరదేశికి ఆమె మెల్లగా వంట నేర్పనారంభించును: ఈ మిరపను పెనముమీద మాడనీయకుడు, చేదెక్కును, ఈ ఆకు చిక్కుడుగింజలు ఉడుకునపుడు వేయుడు, కడుపు ఉబ్బరింపదు. సూపర్‌మార్కెట్టులో శీతలపేటికనుండి పొట్లము తీసికొని పోవువానికి ఈ విద్య యబ్బదు.

తెలుగువాడు ఆ సంతలో నిలిచినచో తన వంటింటి వంశవృక్షమునే చూచుకొనును. మనము తరతరముల సొత్తని తలచు మిరపకాయ మెక్సికో ప్రాంతమున సాగునకు వచ్చి, 16వ శతాబ్దమున పోర్చుగీసువారి యోడలమీద మన తీరమునకు వచ్చినది. అంతకు పూర్వము మన కారము మిరియమే. టమాటా, సపోటాలు అచ్చటివే; జామ, సీతాఫలములు అమెరికా ఉష్ణమండలమునుండి వచ్చినవే. ఇచ్చినది వారొక్కరే కారు. 1565 మొదలు 1815 వరకు మనీలాకును అకపుల్కోకును నడుమ తిరిగిన స్పానిష్ వాణిజ్యనౌకలు ఆసియా మామిడిని మెక్సికోకు చేర్చినవి. చింతపండు నేడు అచ్చటి చల్లని పానీయములలోను, కారమద్దిన మిఠాయిలలోను నిత్యవస్తువు. హమైకా యను పేర ప్రతి భోజనశాలలోను ఎఱ్ఱగా మెరయు పానకము, మన యెఱ్ఱగోంగూర జాతి మొక్క పూవుల క్రింది రక్షకపత్రములను మరగించి తీసిన రసమే. గోగుపూల పచ్చడి నెరిగిన ఇల్లాలికి గ్వాదలహారా సంతలో ఆ ఎండుపూల బస్తా కనబడినచో ఇంక కావలసినదేమి?

సంతను దాటి పంక్తికి పోవుదము. మెక్సికోలో దినమునకు ముఖ్యమైన భోజనము మధ్యాహ్నము రెండు గంటలకును నాలుగు గంటలకును నడుమ జరుగును. భోజనశాలలో ప్రక్కబల్లమీది అపరిచితుల నుద్దేశించియు ‘ప్రొవేచో’ యని, అనగా మీకు ఒంటబట్టుగాక యని, పలికి పోవుట మర్యాద. తినుట ముగియగనే లేచిపోవుట అనాదరముగా తోచును; పళ్లెములు తీసివేసిన పిమ్మటను గంటయో రెండు గంటలో కూర్చుండి ముచ్చటించు అలవాటునకు సోబ్రెమేసా యని పేరు. ఇంటికి పిలిచిన గృహిణి సాగనంపునపుడు మిగిలిన వంటకములను మూటగట్టి చేతబెట్టును. ఆ మూటను వలదనుట ఆమె మనస్సును నొప్పించుటయే. గడియారమును జూచి భోజనముచేయు అలవాటుగల ఉత్తరదేశీయులకు ఈ తీరిక మొదట విసుగు గలిగించినను, కాలక్రమమున దీనినే వారు మెక్సికో తమకిచ్చిన మహాభాగ్యముగా భావింతురు.

అయితే మెక్సికన్ విందునకు ఋణధర్మము కలదు. జనవరి 6వ తేదీన చక్రాకారమైన తీపిరొట్టెను కోయునపుడు ఎవరి ముక్కలో శిశుయేసు చిన్నిబొమ్మ వచ్చునో, వారు ఫిబ్రవరి 2వ తేదీన అందరికిని తమాలెలు పెట్టవలెను. మొక్కజొన్న పొత్తిపొరలలోనో అరటాకులోనో పిండిముద్దను కూరతోగూడ చుట్టి ఆవిరిమీద ఉడికించు ఈ వంటకమును ఒక్కరు చేయజాలరు. పొరలు నానవేయువారు, పిండి పూయువారు, మడచి కట్టువారు పూర్వదినముననే చేరవలసినదే. కావున పరదేశికి ఆ బొమ్మ దొరకుట శుభమే, ఏలయన ఇరుగుపొరుగు స్త్రీలందరు వాని వంటింటిలో అడుగుపెట్టుదురు. వహాకా ప్రాంతపు సపోతెక్ గ్రామములలో ఈ ధర్మము మరింత నిర్దిష్టమైనది. పెండ్లి జరుగు ఇంటికి బంధువులు టర్కీకోళ్లు, మొక్కజొన్న, చాక్లెట్టు, మద్యము తెచ్చియిత్తురు. ఎవరేమి తెచ్చిరో పుస్తకములో వ్రాసికొని, వారింట శుభకార్యమైనపుడు అంతయు తిరిగి చెల్లింతురు. గెలగెత్సా యను ఈ యాచారమును, మన పెండ్లిండ్లలో చదివింపులు వ్రాయు పుస్తకము నెరిగిన తెలుగువారికి విప్పి చెప్ప నక్కరలేదు.

ఈ ఋణమును చెల్లించిన పరదేశులనే మెక్సికో గుర్తుంచుకొన్నది. 1824 మొదలు ఇంగ్లండులోని కార్న్‌వాల్ ప్రాంతమునుండి వెండిగనులలో పనికి వచ్చినవారు ఇదాల్గో రాష్ట్రమున రియాల్ దెల్ మోంతె గ్రామమునకు తమ కూరుపు రొట్టెను తెచ్చిరి; అది నేడు మిరపతోను, చిక్కుడుతోను, మోలె యను మసాలా రసముతోను నిండి ‘పాస్తె’ యను పేర ఆ యూరి గౌరవమైనది. 1922లో కెనడానుండి చిహువాహువాకు తరలివచ్చిన మెన్నొనైటు మతస్థుల జున్నులేనిదే ఆ రాష్ట్రమున వంటసాగదు. లెబనాన్ ప్రాంతపు వలసవారు నిలువు ఇనుపచువ్వకు గ్రుచ్చి కాల్చు మాంసవిధానమును తీసికొనిరాగా, మెక్సికో దానికి మిరపముద్దను, అనాసముక్కను, తోర్తియాను జతచేసి ‘తాకోస్ అల్ పస్తోర్’ను సృష్టించినది. వచ్చినవారు తమ రుచిని దాచుకొనలేదు. దానిని మార్చిన స్థానికుల హస్తమును నిరాకరింపలేదు. ఆ యుభయసమ్మతినుండియే నిలువదగిన వంట పుట్టినది.

ఈ మార్గమున అగ్రగణ్యురాలు డయానా కెన్నెడీ. 1923లో ఇంగ్లండులో జన్మించిన యీమె, న్యూయార్క్ టైమ్స్ విలేఖరియైన పాల్ కెన్నెడీ వెంట 1957లో మెక్సికో నగరమునకు వచ్చినది. ఇంటి పనిమనుషులే ఆమె తొలి గురువులు. వారి యూళ్ల వంటలను గూర్చి విన్నకొలది తహతహ పెరిగి, ఆమె సంతలవెంట, కొండగ్రామములవెంట, మట్టిపొయ్యిల చెంత దశాబ్దముల తరబడి సంచరించినది. 1972లో ఆమె ప్రకటించిన మెక్సికో పాకశాస్త్రగ్రంథము, ఆ దేశపు వంట ఒక్కటి గాదనియు, లోయలోయకును మారు అనేక సంప్రదాయముల సముదాయమనియు ఆంగ్లపాఠకులకు తెలియజేసినది. తనకు వంట నేర్పిన స్త్రీల పేర్లను, ఊళ్లను గ్రంథములలో వ్రాయుట ఆమె నియమము. ఆ గుణమే ఆమెను తక్కిన రచయితలనుండి వేరుచేసినది. మిచోవకాన్ రాష్ట్రములో సితాక్వరో సమీపమున మట్టియిటుకల ఇల్లు కట్టుకొని, వాననీరు పట్టుకొని, కూరగాయలు పండించుకొని నివసించిన ఆమెను మెక్సికో ప్రభుత్వము, విదేశీయులకిచ్చు అత్యున్నత గౌరవమైన ‘ఆజ్‌టెక్ గరుడ’ బిరుదముతో సత్కరించినది. అదే మిచోవకాన్ వంటను ఆదర్శముగా జూపి 2010లో యునెస్కో, మెక్సికన్ సంప్రదాయ పాకమును మానవజాతి వారసత్వములలో చేర్చినది. 2022 జూలైలో, తొంబదితొమ్మిదవ యేట, ఆమె తన యింటనే కన్నుమూసెను.

నేడు ఆ దేశమున నున్న తెలుగు కుటుంబములు ఈ మార్గమున నడచుట కష్టము గాదు. శాకాహారులు ఒక్క జాగ్రత్త వహింపవలెను: చిక్కుడుగింజల ముద్దలో పందికొవ్వును, ఎఱ్ఱయన్నములో కోడి ఉడికిన రసమును వేయుట అచ్చట సాధారణము గనుక ముందుగా మర్యాదతో అడిగి తెలిసికొనవలెను. ఆపై గుమ్మడిపూలు పెట్టి మడచిన కెసదీయా రొట్టె, నాగజెముడు కూర, నిమ్మరసము పిండి కారము చల్లిన మొక్కజొన్నగింజలు, ఇవన్నియు నిర్భయముగా తినదగినవి. ప్రతిగా మనము పెట్టదగినదియు కలదు: చింతపండు, వేరుశనగపప్పు, ఎండుమిరప, మూడును మెక్సికన్ నాలుకకు పరిచితములే, కావున పులిహోర కంటె అనువైన తొలి కానుక లేదు.

పంచుకొనుట మరచినచో నేమగునో యిటీవలి చరిత్ర చూపినది. 2025 జూలై 4వ తేదీన మెక్సికో నగరమున కొందెసా, రోమా పేటలలో ప్రజలు వీధికెక్కిరి. డాలర్లు ఆర్జించు పరదేశులు వచ్చి చేరుటవలన ఇంటి అద్దెలు తమకందని యెత్తునకు పోయినవని వారి ఆక్రోశము. క్రొత్తవారి నాలుకకై సాల్సా యను పచ్చడిలో కారముగూడ తగ్గిపోయినదని పలువురు బాధపడిరి. ఆ బాధ అల్పమైనదని త్రోసివేయరాదు. ఇంటివారి రుచిని మార్చుకొమ్మనుట, ఇంటినుండి లేచిపొమ్మనుటకు తొలిమెట్టు.

కావున మెక్సికోకు పోవు మన పిల్లలకు నా మనవి యిది. అపార్టుమెంటు తాళపుచెవి చేతికి వచ్చిన వారమే సమీపపు సంత యేదినమో తెలిసికొనుడు. ఒక్క యమ్మకత్తెనే నమ్మి ప్రతివారమును పొండు. పిలిచిన విందునకు పోయి, తీరికగా కూర్చుండి, మూటగట్టి యిచ్చినదానిని ప్రీతితో పుచ్చుకొనుడు. ఆ గిన్నెను మాత్రము ఖాళీగా తిరిగి పంపకుడు.