పోయిన సేనాధనమునకు జవాబుదారి యెవరు?

పరుల ధనమును చేతబట్టినవాడు కొంగున నిప్పు మూటగట్టుకొనినవానివంటివాడు. ఆ ధనము ప్రభుత్వముదై, దానిని మోయువాడు సైన్యమునందలి యుద్యోగియైనచో, ఆ భారము మఱింత హెచ్చు. యుద్ధభూమిలో శత్రువులు దానిని పట్టుకొనవచ్చును. ఓడతోగూడ నది సముద్రమున మునిగిపోవచ్చును. దారిలో దొంగలు దోచుకొనవచ్చును. ఇట్లు పోయిన సొమ్మునకు జవాబుదారి యెవరు? తన తప్పిదమేమియు లేనివాడు సహితము ఇల్లమ్మి దానిని చెల్లింపవలసినదేనా? ఈ ప్రశ్నకు అమెరికా సంయుక్తరాష్ట్రముల శాసనసభయగు కాంగ్రెసు, నూఱేండ్లకు పైబడి వెదకి కనుగొనిన సమాధానమును మా విద్యార్థులకును వారి తలిదండ్రులకును సంగ్రహముగా తెలుపుచున్నారము.

సైనికులకు జీతములు పంచుటకును, సామగ్రి కొనుటకును ధనము నుంచుకొను ఉద్యోగిని మనము బట్వాడా అధికారి యందము. ఖజానానుండి పైకము పుచ్చుకొనగానే ఆ మొత్తమంతయు అతని పేర పద్దు వ్రాయబడును. అతడు తాను చెల్లించిన ప్రతి డాలరునకును రసీదు చూపి ఆ పద్దును తగ్గించుకొనుచు పోవలెను. రసీదు లేని మొత్తము అతని యప్పుగానే నిలుచును. పూర్వము అట్టివారు జామీను పత్రములు వ్రాసి యిచ్చుచుండిరి. వారికి పూటపడిన స్నేహితులును బాధ్యులగుచుండిరి. కావున ఒక్క రాత్రి జరిగిన దొంగతనము రెండు మూడు కుటుంబములను ముంచగలిగెడిది.

1845వ సంవత్సరమున ఆ దేశపు సుప్రీముకోర్టు ఈ విషయమున మిక్కిలి కఠినమైన తీర్పు నొసగెను. ప్రెస్కాటు అను నతడు సైనికుడు కాడు. షికాగోలో ప్రభుత్వ ధనమును వసూలుచేసి భద్రపఱచు నుద్యోగి. తన యొద్దనున్న ధనము దొంగిలింపబడినదనియు, అందు తన లోపము లేదనియు అతడు వాదించెను. జామీను పత్రములో ధనమును తప్పక చెల్లింతునని వ్రాసియిచ్చినవానికి దొంగతనము సమాధానము కాజాలదని కోర్టు తీర్మానించెను. ఈ కాఠిన్యమునకు కారణము లేకపోలేదు. దొంగలు దోచిరన్న మాటయే చాలునన్నచో, సొమ్ము తాను దిగమ్రింగినవాడును ఆ మాటయే చెప్పును గదా! ప్రజల ధనమును గాపాడుటకై న్యాయస్థానము తలుపు గట్టిగా మూసెను. అయితే ఆ తలుపు వెలుపల దుష్టునితోబాటు నిర్దోషియు నిలువవలసివచ్చెను.

అట్టి నిర్దోషికి మిగిలిన మార్గమొక్కటే. అతడు కాంగ్రెసునకు మనవి చేసికొనవలెను. ఖజానా ధనము శాసనము లేనిదే వెచ్చింపరాదని ఆ దేశపు రాజ్యాంగము విధించినది. ప్రభుత్వమునకు రావలసిన బాకీని ఏ యధికారియు తన దయచొప్పున మాఫీ చేయజాలడు. కావున ఆ యొక్క మనుష్యుని పేర ఒక ప్రత్యేక చట్టము పుట్టవలెను. ఉపసంఘము సాక్ష్యములను పరిశీలింపవలెను, ఉభయసభలును అంగీకరింపవలెను, రాష్ట్రపతి సంతకము చేయవలెను. ఇదంతయు ముగియుటకు ఏండ్లు పట్టుచుండెను.

1861 మొదలు 1865 వఱకు జరిగిన అంతర్యుద్ధమున ఇట్టి యాపదలు పెక్కయ్యెను. అందుచే 1866వ సంవత్సరము మే నెల 9వ తేదీని కాంగ్రెసు ఒక సామాన్య చట్టము చేసెను. దాని ప్రకారము, విధి నిర్వహణములో ఉండగా శత్రువుల చేతనో మఱియొక విధముగనో ప్రభుత్వ ధనమును, రసీదులను, లెక్కపత్రములను కోల్పోయిన సైనిక బట్వాడా అధికారి దావాల కోర్టునకు పోవచ్చును. అతని లోపముగాని ఉపేక్షగాని లేదని ఆ కోర్టు కనుగొనినచో, పోయిన మొత్తమును నిర్ణయించి తీర్పు వ్రాయును. లెక్కల యధికారులు ఆ మేరకు అతని పద్దు తగ్గింతురు. 1872లో సుప్రీముకోర్టు కూడ తన పూర్వపు కాఠిన్యమును కొంత సడలించి, తిరుగుబాటు సైన్యము బలాత్కారముగా గైకొనిన ధనమునకు ఉద్యోగి బాధ్యుడు కాడని థామసు అనువాని వ్యాజ్యెమున చెప్పెను.

ఈ భారమెట్టిదో తెలియుటకు ఒక యుదాహరణము చాలును. 1889వ సంవత్సరము మే 11వ తేదీన మేజరు జోసెఫు వామ్ అను జీతముల యధికారి ఆరిజోనాలో ఫోర్టు గ్రాంటునుండి ఫోర్టు థామసునకు 28,000 డాలర్లకు పైగా నాణెములు తీసికొనిపోవుచుండెను. అతనికి రక్షణగా నల్లజాతి సైనికులు పదునొకండుగురు వెంటనుండిరి. కొండదారిలో ఒక పెద్దబండ అడ్డముగా నుండెను. దానిని తొలగింప బోవునంతలో దొంగలు పైనుండి తుపాకులు కాల్చిరి. సైనికులలో ఎనమండుగురు గాయపడిరి. సార్జంటు బెంజమిన్ బ్రౌను ఒడలు తూట్లుపడియు పోరాడెను. కార్పొరల్ ఐజయా మేస్ కాళ్లకు గాయములు తగిలియు నడచియు ప్రాకియు రెండుమైళ్ల దూరమునకు పోయి సహాయము కోరెను. ఈ యిరువురకును ఆ దేశపు మహోన్నతమగు శౌర్యపతకము లభించెను. అనుమానితులు విచారణలో నిర్దోషులని విడువబడిరి. సొమ్ము మఱల దొరకలేదు. ఇంత రక్తము కాఱిన పిమ్మటను, లెక్క పుస్తకమున ఆ ధనము మేజరు వామ్ పేరనే నిలిచియుండెను! తుదకు కాంగ్రెసే ఆ భారమునుండి అతనిని విముక్తుని చేయవలసివచ్చెను.

ఒక్కొక్కనికి ఒక్కొక్క చట్టము చేయుట శాసనసభకును శ్రమయే. కాచుకొనియుండు నుద్యోగికి అంతకంటె బాధ. అందుచే 1919లో నౌకాదళపు అధికారులకును, 1944లో సైన్యపు అధికారులకును కాంగ్రెసు సులభమైన మార్గము కల్పించెను. 1921లో ఏర్పడిన జనరల్ అకౌంటింగు ఆఫీసు ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేయుచుండెను; 2004 నుండి దాని పేరు గవర్నమెంటు అకౌంటబిలిటీ ఆఫీసు. ధనము పోయినప్పుడు అధికారి తన విధిలోనే యుండెననియు, అతని యందు దోషముగాని ఉపేక్షగాని లేదనియు శాఖా కార్యదర్శి నిర్ణయించినచో, ఆ నిర్ణయమునకు ఈ లెక్కల కార్యాలయము కట్టుబడవలెను. 1947లో ఇతర శాఖల యుద్యోగులకును ఇట్టి యుపశమనము కలిగెనుగాని, వారి విషయమున ఆ కార్యాలయపు అంగీకారము కూడ కావలెను. ఈ నిబంధనలన్నియు 1982లో ఒకచోట చేర్చబడి నేటికిని అమలులో నున్నవి.

అయినను ఈ ద్వారము ఇఱుకైనదే. ధనము పోయినదనగానే ఉపేక్ష జరిగినదని మొదట ఎంచబడును. కాదని నిరూపించు భారము ఉద్యోగిదే. ఇనుపపెట్టెకు తాళము వేయక విడిచినవాడు, దానిని తెఱచు రహస్యాంకెలను పరులకు తెలిపినవాడు, పైకమును బల్ల సొరుగున నుంచి పోయినవాడు దయకు పాత్రుడు కాడు. పొరపాటున ఒకనికి హెచ్చుగా చెల్లించుట వేఱు విషయము. అది ధనము పోవుట కాదని భావించి, అట్టి చెల్లింపులను ఈ సైనిక నిబంధనలలో చాలకాలము చేర్చలేదు. 1996లో చేర్చిరిగాని, హెచ్చుగా తీసికొనినవాని యొద్దనుండి సొమ్ము రాబట్టుటకు తగిన ప్రయత్నము జరిగియుండవలెనని నియమించిరి.

ఈ చరిత్రమున మనము గ్రహింపవలసినదేమి? కాఠిన్యము లేనిచో ప్రజల సొమ్మునకు దిక్కులేదు. ఉపశమనము లేనిచో నిజాయితీపరుడు ఆ యుద్యోగమునకే వెనుదీయును. రెండును కావలెను. అయితే ఉపశమనము కోరువానికి కన్నీటికంటె లెక్క పుస్తకమే గొప్ప సాక్షి. నాడు వచ్చినదెంత, నాడు పోయినదెంత, తాళపుచెవి యెవరియొద్ద నుండెను అను మూడు సంగతులను ఏనాటికానాడు వ్రాసియుంచినవాడు ఆపదలో తల యెత్తి నిలువగలడు. తరగతి చందా వసూలుచేయు బాలుడు మొదలుకొని సంఘపు పెట్టె కాపాడు పెద్దవఱకు, పరుల పైకమును పట్టుకొను ప్రతివాడును ఈ యలవాటును నేడే యారంభించుట మేలు.