దుబాయి బడిలో చేర్చేముందు తిరుగు దారి చూసుకోండి

దుబాయిలో వుద్యోగం కుదిరిన మనవారికి ఆలుబిడ్డలను అక్కడికి తీసుకువెళ్లాలన్న ఆశ సహజం. నెలకు 4,000 దిర్హాముల జీతం, లేదా 3,000 దిర్హాములతోపాటు వసతి వుంటే కుటుంబ వీసాకు దరఖాస్తు చేసుకోవచ్చు. అసలు చిక్కు పిల్లల చదువు దగ్గరే వస్తుంది.

అక్కడి ప్రభుత్వ పాఠశాలల్లో బోధన ప్రధానంగా అరబ్బీలో సాగుతుంది. అందుచేత పరదేశీయుల పిల్లల్లో అత్యధికులకు ఫీజులు కట్టే ప్రైవేటు బడులే గతి. 1961లో ప్రారంభమైన ఇండియన్ హైస్కూలు మొదలుకొని సి.బి.ఎస్.ఇ. సిలబసు బోధించే బడులు అనేకం వున్నాయి. బ్రిటిష్, అమెరికన్ బడులూ వున్నాయి గాని, వాటి ఫీజులు సాధారణంగా ఎక్కువ. కొన్ని కంపెనీలు చదువు ఖర్చు భరిస్తాయి. ఆ మాట కాంట్రాక్టులో వున్నదో లేదో సంతకానికి ముందే చూసుకోవాలి.

వుద్యోగం పోతే వీసా పోతుంది. అప్పుడు పిల్లలూ తిరిగి రావలసిందే. భారతీయ బడుల్లో చదువు ఏప్రిల్‌లో మొదలవుతుంది, బ్రిటిష్ బడుల్లో వేసవి సెలవుల తర్వాత. సి.బి.ఎస్.ఇ.లో చదివిన పిల్లవాడు ఇక్కడి అదే సిలబసు బడిలో సులువుగా ఇముడుతాడు.

మరొక సంగతి. 2018 నాటి చట్టం ప్రకారం తెలంగాణలో సి.బి.ఎస్.ఇ. బడుల్లోనూ తెలుగు తప్పనిసరి. దుబాయి బడుల్లో అరబ్బీ నేర్పుతారు గాని తెలుగు దొరకడం అరుదు. తల్లిదండ్రులు రోజూ ఒక అరగంట ఇంట్లోనే తెలుగు అక్షరాలు దిద్దిస్తే, తిరిగి వచ్చిననాడు బిడ్డ తరగతిలో తల వంచుకోనక్కరలేదు.