మందు డబ్బాలో ఎంత మిగిలింది?

కర్ణాటకలోని పావగడ తాలూకాకు మూడు వైపులా ఆంధ్రప్రదేశే. ఆఫీసు కాగితం కన్నడంలో నడుస్తుంది, ఇంట్లో మాట తెలుగులో సాగుతుంది. కాగితం మీద ‘కోవి’ అని రాసి ఉన్నది ఇంటికొచ్చేసరికి తుపాకి అవుతుంది. వేరుశనగ ఊడలు దిగాక అడవి పందులు చేలో పడితే తెల్లారేసరికి సాళ్లన్నీ తవ్వి పోసి ఉంటాయి. పంట కాపుదల కోసం లైసెన్సు తీసుకున్న రైతులు అందుకే తుపాకి ఉంచుకుంటారు. తుపాకి ఎక్కడుందో ఇంటిల్లిపాదికీ తెలుసు. దానికి వేసే మందు, గుండ్లు, క్యాపులు ఎన్ని ఉన్నాయో అడిగితే మాత్రం యజమాని కూడా కాసేపు ఆలోచిస్తాడు.

ఆ లెక్క ఎందుకు తప్పుతుందో తెలియాలంటే ముందు తుపాకి సంగతి తెలియాలి. 1959 నాటి ఆయుధాల చట్టం, 13వ సెక్షన్‌లో, పంట కాపుదలకు మజిల్ లోడర్‌ను (గొట్టం మూతి నుంచి మందు కూరే తుపాకిని) పేరుపెట్టి చెబుతుంది. ఇందులో తయారైన తూటా ఉండదు. గొట్టంలో మందు పోస్తారు. పైన గుడ్డ పీలికో పీచో పెట్టి కడ్డీతో దట్టిస్తారు. సీసపు గుండ్లు వేసి మళ్లీ దట్టిస్తారు. వెనక చిన్న మొన మీద క్యాపు (దెబ్బ తగలగానే నిప్పు పుట్టించే చిన్న లోహపు టోపీ) తొడుగుతారు. అంటే ప్రతి దెబ్బకూ తూటాను అప్పటికప్పుడు చేత్తో కూర్చుకుంటున్నట్టే. తూటాలైతే వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. ఇక్కడ ఒకటి పొడి, ఒకటి పూసల్లాంటిది, ఒకటి గింజంత టోపీ. మూడూ మూడు రకాలుగా తరుగుతాయి.

ఖాళీ తూటాల్లో ఇంట్లో మందు నింపుకోవడం దీనికి వేరు. తూటా తయారీకి అదే చట్టం 5వ సెక్షన్ కింద వేరే లైసెన్సు ఉండాలి. మందు సొంతంగా నూరుకోవడానికీ కాపుదల లైసెన్సు పనికిరాదు. అమెరికాలో తూటాలు ఇంట్లో నింపుకునేవాళ్లు చాలామంది. డబ్బా మీది తయారీ నంబరుతో సహా పుస్తకంలో రాసుకోవడం వాళ్లకు అలవాటు. మన దగ్గర ఆ అలవాటు కిరాణా ఖాతాకే పరిమితమైంది.

చట్టం దృష్టిలో మందు, క్యాపులు తుపాకికి తోక లాంటివి కావు. మందుగుండు అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే తుపాకిలో కూరే సరుకు, దానికి కావలసిన ఉపకరణాలు వస్తాయి. ఒకేసారి దగ్గర ఎంత ఉంచుకోవచ్చో, ఏడాదిలో ఎంత కొనొచ్చో లైసెన్సులో రాసి ఉంటుంది. ఇవి రెండు వేర్వేరు హద్దులు. చాలామంది తడబడేది ఇక్కడే. ఊరికే లెక్క కోసం, ఉంచుకోదగినవి 100 క్యాపులు అనుకుందాం. ట్రంకు పెట్టెలో పాతవి 60 ఉన్నాయి. ఆ సంగతి మరచి కొట్టుకెళ్లి 50 కొన్నారు. ఏడాది కోటా దాటలేదు, కొట్టువాడు పద్ధతిగా లైసెన్సు మీద నమోదు చేశాడు, డబ్బు ఇచ్చారు. ఇంటికొచ్చి పెట్టె తెరిస్తే 110. దురుద్దేశం ఏమీ లేకుండానే షరతు తప్పారు.

ఇంట్లోకి వచ్చినదానికి రాతపూర్వక ఆధారం ఉంటుంది: లైసెన్సు మీద, కొట్టు రిజిస్టరులో. ఖర్చు మాత్రం అర్ధరాత్రి మంచె మీద జరుగుతుంది. అక్కడ పెన్నూ కాగితం ఎవరు పట్టుకెళ్తారు? అందుకే జమ ఉండి ఖర్చు లేని ఖాతా మిగులుతుంది.

ఈ ఖాతాకు తాళంచెవి క్యాపు. దెబ్బకు ఒక క్యాపు తప్పదు, కాబట్టి క్యాపుల తరుగే దెబ్బల లెక్క. ఉగాదికి 50 ఉండి, ఇప్పుడు 38 ఉంటే, 12 పోయాయి. ఖర్చు రాసుకునే పుస్తకంలో 9 దెబ్బలు, 2 తుస్సుమన్నవి అని ఉంటే, ఒక క్యాపు జాడ తెలియలేదన్నమాట. జేబులోంచి జారిందో, పిల్లలు ఆటకు తీసుకున్నారో వెతకాలి. రెండోది అయితే మాత్రం ఆ రోజే తేలాలి, క్యాపు సుత్తి దెబ్బకు పేలే వస్తువు.

మందును క్యాపులతో సరిచూసుకోవచ్చు. ప్రతిసారీ ఒకే కొలగిన్నెతో పోసే అలవాటు ఉంటే, దెబ్బల సంఖ్యను కొలతతో గుణిస్తే ఖర్చయిన మందు తెలుస్తుంది. అరచేతిలో ఉజ్జాయింపుగా పోసుకునేవాళ్లకు ఈ లెక్క ఎప్పటికీ కుదరదు. లెక్క సంగతి అటుంచితే, మోతాదు మించితే గొట్టమే చీలుతుంది. తూకంలోనూ ఒక మెలిక ఉంది. నల్లటి తుపాకి మందు సురేకారం, గంధకం, బొగ్గు కలిసినది. ఇది గాలిలోని తేమను కొద్దికొద్దిగా పీల్చుకుంటుంది. వానాకాలంలో మూత సరిగా బిగించని డబ్బాను తూస్తే కాస్త బరువు తేలవచ్చు. పుస్తకం ప్రకారం ఉండాల్సినదానికంటే ఎక్కువ కనిపిస్తే సంతోషించాల్సింది ఏమీ లేదు, మందు చెమ్మగిల్లిందని అర్థం. పాత డబ్బాలో మిగిలినదాని మీద కొత్తది పోస్తే తేదీ, తీరు రెండూ పోతాయి. ఏది పాతదో ఎవరూ చెప్పలేరు. కొన్న డబ్బాలోనే ఉంచి, పైన తేదీ అతికించాలి. క్యాపుల్ని మందు పక్కన పెట్టకూడదు. రెండూ పొయ్యికి, దేవుడి గూటికి దూరంగా, తాళం లోపల ఉండాలి.

ఇప్పుడు ఈ లెక్కకు ప్రాముఖ్యం పెరగడానికి కారణం ఉంది. ప్రతి లైసెన్సుకూ యూఐఎన్ (దేశమంతటికీ ఒకే జాబితాలో ఇచ్చే గుర్తింపు సంఖ్య) వచ్చింది. 2019 సవరణతో లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లయింది. ఐదేళ్లకోసారి కాగితాలు తిరగేసేటప్పుడు నాలుగేళ్ల కిందటి కొనుగోలు ఏమైందో జ్ఞాపకం మీద ఆధారపడి చెప్పడం కష్టం. జిల్లా కేంద్రమైన తుమకూరులోని డిప్యూటీ కమిషనర్ (డీసీ) ఆఫీసు పావగడకు సుమారు 100 కిలోమీటర్లు. కాగితం తేలక మళ్లీ రమ్మంటే ఒక రోజు కూలీ, బస్సు చార్జీ పోతాయి. ఎన్నికలప్పుడు తుపాకి స్టేషన్‌లో అప్పగించాల్సి వస్తే రసీదులో తుపాకి ఒక్కటే రాశారా, మందుగుండు కూడా రాశారా అన్నది అక్కడే చూసుకోవాలి.

ఇంకో సంగతి. లైసెన్సు ఉన్నంత మాత్రాన జంతువును కొట్టే హక్కు రాదు. అడవి పంది, ఎలుగు, కృష్ణజింక 1972 నాటి వన్యప్రాణి చట్టం కిందకు వస్తాయి. ఆ అనుమతి అటవీ శాఖ దగ్గర వేరుగా ఉంటుంది. పుస్తకంలో ‘బెదిరింపు దెబ్బ, ఫలానా చేను, రాత్రి 2 గంటలు’ అని రాసుకున్నవాడికి తరవాత అటవీ సిబ్బంది అడిగినా చెప్పడానికి ఒక ఆధారం ఉంటుంది.

అన్నిటికంటే చిక్కు, లైసెన్సు పేరున్న పెద్దాయన పోయినప్పుడు వస్తుంది. తుపాకి సంగతి ఎవరో ఒకరు గుర్తుచేస్తారు. అటక మీది డబ్బా అలాగే ఉండిపోతుంది. ఏ కారణం వల్లనైనా మందుగుండు ఉంచుకునే హక్కు పోతే ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీస్ స్టేషన్‌లోనో లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించాలని ఆయుధాల చట్టం 21వ సెక్షన్ చెబుతుంది. కొడుక్కు తర్వాత లైసెన్సు రావచ్చు, రాకపోవచ్చు. ఈలోగా ఆ డబ్బా అతనిది కాదు. పొయ్యిలో వేసి వదిలించుకుందామనుకోవడం ప్రాణాల మీదికి తెస్తుంది. ముందు స్టేషన్‌కు ఫోన్ చేసి ఎలా తీసుకురావాలో అడగడం మేలు. తండ్రి చేతిరాతతో ఒక పుస్తకం ఉంటే ఏమేమి అప్పగించాలో కొడుక్కు తెలుస్తుంది. లేకపోతే పదేళ్ల తర్వాత ఇంటికి సున్నం వేసేటప్పుడు ఆ డబ్బా బయటపడుతుంది.

ఏడాదికోసారి లెక్కకు ఆ ప్రాంతంలో సిద్ధంగా ఒక రోజు ఉంది, ఆయుధ పూజ. ఆ రోజు తుపాకి ఎలాగూ బయటికొస్తుంది, తుడిచి బొట్టు పెడతారు. కర్పూరం వెలిగించకముందే మందు డబ్బా, క్యాపుల పెట్టె వేరే గదిలోకి చేర్చాలి. అక్కడ క్యాపులు లెక్కపెట్టి, డబ్బా తూచి, తేదీ వేసి సంతకం చేసి, తాళం వేసి వచ్చాక హారతి ఇవ్వొచ్చు.